అసాధ్యరోగి యొద్ద నిలుచు విద్య

పట్టణపు ఆసుపత్రినుండి రోగిని ఇంటికి మరలించునపుడు వైద్యులు చెప్పు మాట ఒకటి కలదు. "ఇక మేము చేయగలది ఏమియు లేదు, ఇంటికి తీసికొనిపొండు" అందురు. ఈ మాట విననట్టి ఇల్లు మన పల్లెలలో అరుదు. రోగిని బండిలో పరుండబెట్టి తెచ్చుట, వసారాలో మంచము వాల్చుట, చుట్టములకు కబురంపుట, కడపటి గడియలో తులసితీర్థము పోయుట, ఇవి యన్నియు పెద్దలకు తెలిసినవే. కాని ఇంటికి చేర్చిన దినమునకును, తులసితీర్థము పోయు దినమునకును నడుమ ఒక్కొక్కప్పుడు నెలలు గడచును. ఆ నెలలలో నొప్పి యుండును, మానని పుండుండును, నిద్రలేని రాత్రులుండును, అడుగ లేని ప్రశ్నలుండును. అప్పుడు రోగికి ఏమి చేయవలెను? ఎవరు చేయవలెను? చేయువారికి ఆ పని నేర్పువారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకిన వారి చరిత్రను ఈ పూట మీకు మనవి చేసెదను.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయమును ఆలోచింపకపోలేదు. చరకసంహిత సూత్రస్థానమున వ్యాధులను నాలుగు తెగలుగా విభజించిరి. సులభముగా కుదురునవి, కష్టముమీద కుదురునవి, యాప్యములు, ప్రత్యాఖ్యేయములు. యాప్యమనగా కుదరకపోయినను పథ్యముచేతను, ఔషధముచేతను కొంతకాలము సుఖముగా గడపదగినది. ప్రత్యాఖ్యేయమనగా వైద్యుడు చేపట్టక విడువదగినది. అట్టి రోగమును చేపట్టిన వైద్యునకు ధనము, విద్య, కీర్తి నష్టమగునని ఆ గ్రంథమే హెచ్చరించినది. ఇంద్రియస్థానమను భాగము పండ్రెండధ్యాయములలోను మరణసూచకములైన అరిష్టలక్షణములే చెప్పబడినవి. అనగా మృత్యువు సమీపించినదని గుర్తించు విద్యను మనవారు మిక్కిలి శ్రద్ధతో నేర్పిరి. గుర్తించిన పిమ్మట ఆ మంచముప్రక్క నిలుచు విద్యను మాత్రము అంత శ్రద్ధతో నేర్పలేదు. ఇందుకు వారిని నిందింప పనిలేదు. యవనదేశపు వైద్యగ్రంథములు కూడ రోగమునకు లొంగిపోయిన వానికి చికిత్స చేయబూనవలదనియే చెప్పినవి. చేతిలో మందు లేనప్పుడు కీర్తిని కాపాడుకొనుట వైద్యునకు జీవనోపాధి. కాని యాప్యమను మాట మాత్రము జ్ఞాపకముంచుకొనుడు. ఈ చరిత్రమంతయు ఆ మాటలోని అర్థమును విస్తరించుటయే యని నా తలంపు.

వైద్యులు విడిచిన రోగులను ఐరోపాఖండమున మొదట చేరదీసినవారు స్త్రీలు. 1842వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములోని లియాన్ నగరమున జాన్ గార్నియే అను వితంతువు తనవంటి వితంతువులను కూడగట్టి, కుదరని రోగములతో బాధపడు స్త్రీలకు సేవచేయ నారంభించెను. 1879లో ఐర్లండు రాజధానియగు డబ్లిన్‌లోను, 1905లో లండన్ నగరపు తూర్పుభాగమున హాక్నీలోను క్రైస్తవ సన్న్యాసినులు మరణాసన్నులకొరకు ఆశ్రమములు నెలకొల్పిరి. వీనిని హాస్పిసులందురు. అచ్చట శుభ్రమైన పడక, వేళకు ఆహారము, మృదువైన మాట, ప్రార్థన లభించెడివి. ఇవి చిన్న విషయములు కావు. కాని ఆ సన్న్యాసినుల అనుభవము వైద్యకళాశాల గడప తొక్కలేదు. అది పుణ్యకార్యముగా నుండెనే కాని పాఠముగా మారలేదు.

పాఠముగా మార్చినది సిసిలీ సాండర్స్ అను ఆంగ్లవనిత. ఆమె 1918లో జన్మించెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదువుచుండగా రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. ఆమె చదువు విడిచి లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకొనెను. నడుమునొప్పి చేత ఆ వృత్తి సాగింపలేక, రోగుల కుటుంబముల కష్టసుఖములను విచారించు ఉద్యోగమున చేరెను. ఆ పనిలో నుండగా 1947లో డేవిడ్ టాస్మా అను నలువదేండ్ల పోలెండు దేశపు యూదుడు ఆమెకు పరిచయమయ్యెను. వార్సా నగరమునుండి కాందిశీకుడై వచ్చి, భోజనశాలలో వడ్డనపని చేసి బ్రతికినవాడు. రాచపుండు, అనగా నేటివారు క్యాన్సరనునది, అతనికి కుదరని స్థితికి వచ్చియుండెను. ఆ దేశమున అతనికి తనవారనువారెవరును లేరు. ఈమె తరచుగా పోయి అతనియొద్ద కూర్చుండెడిది. ఇటువంటి రోగులకు తగిన చోటు ఎట్లుండవలెనని ఇరువురును మాటలాడుకొనెడివారు. 1948లో అతడు మరణించుచు తనకున్న 500 పౌన్లను ఆమెకు వ్రాసియిచ్చి, నీవు కట్టబోవు ఇంటిలో నేనొక కిటికీనై యుందునని చెప్పెనట. ఇల్లు కట్టుటకు ఇంకను పందొమ్మిదేండ్లు పట్టెను. కిటికీ ముందుగా వచ్చి ఇల్లు తరువాత వచ్చుట ఇచ్చటనే చూచితిమి!

ఆ పందొమ్మిదేండ్లలో ఆమె చేసినది నేర్చుకొనుట. లండన్‌లోని సెయింట్ లూక్స్ అను మరణాసన్నుల ఆసుపత్రిలో సాయంకాలములందు ఊరకయే సేవచేయుచు ఒక సంగతి గమనించెను. ఇతర ఆసుపత్రులలో రోగి నొప్పికి తాళలేక అరచిన పిమ్మట మార్ఫీను ఇచ్చెడివారు. ఇచ్చట అట్లుకాదు. గడియారము చూచి, నాలుగేసి గంటలకొకసారి, నొప్పి తిరిగి రాకమునుపే నోటిద్వారా మందు పోసెడివారు. రోగి అరవవలసిన పనిలేదు, బతిమాలవలసిన పనిలేదు, రాబోవు నొప్పికై భయపడవలసిన పనియు లేదు. మందు అదియే, వేళ వేరు. ఆ వేళలోనే విద్య యంతయు నున్నది.

ఈ సంగతిని వైద్యులకు బోధింపవలెనని ఆమె యెంచగా, ఆమెతో పనిచేయుచుండిన బారెట్ అను శస్త్రవైద్యుడు నిజము చెప్పెను. మరణాసన్నులను విడిచిపోవువారు డాక్టర్లే. నర్సు చెప్పిన మాట వారు వినరు. కాబట్టి నీవే వైద్యము చదువుము అనెను. ముప్పదిమూడేండ్ల వయస్సున ఆమె వైద్యకళాశాలలో చేరి 1957లో డాక్టరయ్యెను. మరుసటి యేటినుండి హాక్నీలోని సన్న్యాసినుల ఆశ్రమమున పనిచేయుచు, వందలకొలది రోగుల నొప్పిని, మందును, మాటను కార్డులపై వ్రాసి కూర్చెను. క్రమముగా ఇచ్చిన మార్ఫీనుచేత రోగి మత్తులో పడిపోవుననియు, దానికి దాసుడగుననియు లోకము నమ్మినది. నొప్పికి తగిన మోతాదు చూచి యిచ్చిన చోట ఆ భయము నిజము కాలేదని ఆమె లెక్కలు చూపినవి. మరియొక సంగతి కూడ ఆమె కనిపెట్టెను. రోగి తనకు నొప్పి యెక్కడ అని చెప్పబోయి, శరీరముతో మొదలుపెట్టి, ఇల్లు గడచుట, బిడ్డల పెండ్లి, దేవునిమీది అలుక, తన్నెవరును నమ్మలేదను దిగులు, ఇవి యన్నియు నొప్పిలోనే కలిపి చెప్పెడివాడు. దీనికామె సంపూర్ణమైన నొప్పి యని పేరు పెట్టెను. దానిని ఒక్క డాక్టరు తీర్పజాలడు. నర్సు, డాక్టరు, కుటుంబముల విచారణకర్త, మతగురువు కలిసి పనిచేయవలసినదే. తాను నర్సుగాను, విచారణకర్తగాను, డాక్టరుగాను ముమ్మారు జన్మించినది గనుక ఈ సంగతి ఆమెకే తోచినదేమో!

1967లో లండన్ శివారైన సిడెనమ్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరవబడెను. డేవిడ్ టాస్మా కిటికీ నేటికిని అచ్చట నున్నది. ఈ స్థలమునకు మొదటినుండియు మూడు పనులు: సేవ, పరిశోధన, బోధన. నాకు తోచినంతలో మూడవదే లోకమును మార్చినది. ఇతర దేశముల డాక్టర్లు, నర్సులు వచ్చి వారములు నెలలు ఉండి, రోగుల మంచములయొద్దనే పాఠము చదువుకొని పోయిరి. 1969నుండి నర్సులు రోగుల ఇండ్లకే పోనారంభించిరి. రాబర్ట్ ట్వైక్రాస్ అను యువవైద్యుడు అచ్చట పరిశోధన చేసి, ఖరీదైన మిశ్రమములు లేకున్నను సాదా మార్ఫీను నోటిద్వారా ఇచ్చినచో చాలునని చూపెను. ఇది సామాన్యమైన సంగతిగా కనబడును. కాని బీదదేశములకు ఈ విద్య చేరుటకు దారి వేసినది ఇదియే. 1975లో కెనడా దేశపు మాంట్రియాల్ నగరమున బాల్ఫోర్ మౌంట్ అను డాక్టరు ఈ పద్ధతిని పెద్ద ఆసుపత్రిలో ప్రవేశపెట్టెను. ఫ్రెంచి మాటలాడు ఆ ఊర హాస్పిసనిన అనాథశరణాలయ మను అర్థము వచ్చుచుండుటచే పాలియేటివ్ కేర్ అను క్రొత్తపేరు పెట్టెను. కంబళివలె కప్పి కాపాడుట అని దాని మూలార్థము. మనము ఉపశమన చికిత్స యనుచున్నాము. 1986లో ప్రపంచ ఆరోగ్యసంస్థ క్యాన్సరు నొప్పికి మూడుమెట్ల పద్ధతిని ప్రకటించెను. నోటిద్వారా, గడియారము ప్రకారము, మెట్టు తరువాత మెట్టుగా మందు ఇవ్వవలెనని దాని సారము. సిసిలీ సాండర్స్ 2005లో తాను స్థాపించిన ఇంటిలోనే కన్నుమూసెను.

ఇక మనదేశమునకు వత్తము. మార్ఫీను నల్లమందునుండి వచ్చునది. నల్లమందు పండించు దేశములలో మనది ముఖ్యమైనది. ఘాజీపూరులోను, నీమచ్‌లోను దానికి ప్రభుత్వ కర్మాగారములు కలవు. అయినను మన రోగులకు మార్ఫీను దొరకలేదు. 1985లో మాదకద్రవ్యములను అరికట్టుటకు కఠినమైన చట్టము వచ్చెను. దొంగవ్యాపారులకొరకు వేసిన ఉచ్చులో ఆసుపత్రులు చిక్కుకొన్నవి. అనుమతులు అనేకము, పొరపాటునకు శిక్ష కఠినము. మందుల దుకాణములు ఆ మందు నుంచుట మానివేసినవి. దేశమంతట వైద్యమునకు వాడిన మార్ఫీను ఏటేట పడిపోయి, 1997 నాటికి 18 కిలోగ్రాములకు దిగజారెను. ఇంతటి జనసంఖ్యకు పదునెనిమిది కిలోలు! మందు లేకపోవుట ఒక నష్టము. దానికి మించిన నష్టము మరియొకటి జరిగినది. ఆ కాలమున చదివిన వైద్యవిద్యార్థులలో అనేకులు మార్ఫీను మాత్రను కంటితో చూడకయే డాక్టర్లైరి. చూడని మందునకు భయపడుట సహజము. తరువాతి కాలమున చట్టము సడలినను, వారి చేతులు సడలలేదు. పార్లమెంటు 2014లో ఆ చట్టమును సవరించి దారి సుగమము చేసినను, నేర్పని విద్య చట్టముతో వచ్చునది కాదు గదా.

ఈ కథలో కేరళదేశపు కోళిక్కోడు నగరమునకు ప్రత్యేకస్థానము కలదు. అచ్చటి ప్రభుత్వ వైద్యకళాశాలలో ఎం. ఆర్. రాజగోపాల్ అను మత్తువైద్యుడుండెను. నొప్పిని తొలగించు సూదులలో నేర్పరి. ఆయన తానే పలుమార్లు బహిరంగముగా చెప్పిన సంగతి యొకటి వినుడు. నాలుకకు క్యాన్సరు వచ్చిన కళాశాల అధ్యాపకుడొకడు నొప్పితో ఆయనయొద్దకు వచ్చెను. డాక్టరు నరమునకు సూదివేయగా నొప్పి పూర్తిగా పోయెను. తన నేర్పునకు తానే సంతోషించెను. మరల ఎప్పుడు రావలెనని రోగి యడుగగా, ఈ సూది క్యాన్సరును కుదుర్చదు, ఇక రావలసిన పనిలేదని చెప్పెను. తన రోగము కుదరనిదని ఆ రోగికి అంతవరకు ఎవరును చెప్పియుండలేదు. అతడు ఇంటికి పోయి ఆ రాత్రియే ప్రాణము తీసికొనెను.

నొప్పి పోయిన రోగి చనిపోయెను. ఏల? సూదివేయుట నేర్పిన కళాశాల, ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట నేర్పలేదు. నేను నొప్పిని చూచితిని గాని మనిషిని చూడలేదని రాజగోపాల్ ఈ సంగతినే తన బోధనలకు మొదటి పాఠముగా పెట్టుకొనెను. 1993లో ఆయనయు, సురేష్ కుమార్ అను మరియొక డాక్టరును, అశోక్ కుమార్ అను వాలంటీరును కలిసి కోళిక్కోడులో ఉపశమన చికిత్సా సంఘమును స్థాపించిరి. ఇంగ్లాండునుండి వచ్చి మనదేశమున ఊరూర ఈ విద్య బోధించిన గిల్లీ బర్న్ అను నర్సును, పైని చెప్పిన ట్వైక్రాసును వీరికి గురువులైరి. కావున డేవిడ్ టాస్మా మంచముప్రక్క మొదలైన పాఠము చేతినుండి చేతికి మారి మలబారు తీరము చేరినదనవచ్చును. ముంబాయిలో శాంతి అవేదన సదనమను హాస్పిసు 1986లోనే వెలసియున్నను, పల్లెటింటి గడపవరకు ఈ విద్య నడచినది మలబారునందే.

అచ్చట జరిగిన క్రొత్త సంగతి యేమనగా, డాక్టర్లు చాలరని వారు త్వరగా తెలిసికొనిరి. రోగులు వేలు, డాక్టర్లు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఊరివారినే చేర్చుకొని ఒక సేవాజాలమును కట్టిరి. బడిపంతుళ్లు, దుకాణదారులు, కూలివారు, గృహిణులు, కళాశాల విద్యార్థులు వారానికి కొన్ని గంటలు ఇచ్చుటకు ముందుకు వచ్చిరి. వీరికి పదునారు గంటల పాఠమును, పిమ్మట అనుభవముగల వారివెంట ఇండ్లకు పోయి చూచుటయు నియమము. నర్సులకు, డాక్టర్లకు ఆరువారముల శిక్షణ ఏర్పడినది. 2008లో కేరళ ప్రభుత్వము దీనికొక విధానమును ప్రకటింపగా, గ్రామపంచాయతులు నర్సులను నియమించి ఇంటింటికి పంపనారంభించినవి. పంచాయతీ యనిన వీధిదీపములు, మురుగుకాలువలు మాత్రమే యనుకొను మనకు ఇది వింతగా తోచును.

ఇంతకు ఆ శిక్షణలో నేర్పునదేమి? కొంత చేతిపని. మంచముపట్టిన వానిని రెండేసి గంటలకొకసారి ఒత్తిగిలజేయుట, వీపుమీద పుండ్లు లేవకుండ కాచుకొనుట, దుర్గంధము వచ్చు క్యాన్సరు పుండుపై మెట్రోనిడజోలు మాత్రను పొడిచేసి చల్లి వాసన పోగొట్టుట, నోరు తడిగానుంచుట, మార్ఫీను ఇచ్చిన దినమే విరేచనపు మందును ఇచ్చుట. ఈ కడపటిది మరచుటచే, నొప్పి తగ్గినను మలబద్ధమునకు తాళలేక మార్ఫీను మానివేసిన రోగులు కలరు. దుర్గంధము మాట చిన్నది కాదు. వాసనచేత మనుమలు దగ్గరకు రాని తాతకు, ఆ పొడి చల్లిన రెండుమూడు దినములకు మనుమలు మంచమెక్కుదురు. అంతకుమించిన ఔషధమేమి కలదు?

చేతిపనికంటె కష్టమైనది మాటపని. తరగతిలో ఒకరు రోగియై, మరియొకరు నర్సై, మూడవవారు రోగి కుమారుడై నటింతురు. కుమారుడు డాక్టరును ప్రక్కకు పిలిచి, "నాన్నకు చెప్పవద్దండి, తెలిసిన గుండె ఆగిపోవును" అనును. ఇది మన ఇండ్లలో నిత్యము జరుగు ముచ్చట. కొడుకు ప్రేమచేతనే అనుచున్నాడు. కాని తండ్రి అరువదేండ్లు లోకము చూచినవాడు. తన దేహము తనకు చెప్పకయుండునా? తండ్రికి తెలిసినదని కొడుకు ఎరుగడు. కొడుకు దాచుచున్నాడని తండ్రి యెరుగును. ఇరువురును ఒకే గదిలో నుండి ఒంటరివారగుదురు. పొలము పంపకమో, ఆడబిడ్డ విషయమో, ఎవరితోనైన తీర్చుకొనవలసిన పాతమాటయో చెప్పకుండగనే మిగిలిపోవును. శిక్షణ పొందిన వారు ఇచ్చట తొందరపడరు. కొడుకును మొదట కూర్చుండబెట్టి వాని భయమును విందురు. పిమ్మట రోగియొద్ద కూర్చుండి, నిలుచుండి కాదు, మీ జబ్బును గూర్చి మీరేమనుకొనుచున్నారని అడుగుదురు. రోగి యెంత తెలిసికొనగోరునో అంతయే చెప్పుదురు. అబద్ధము మాత్రము చెప్పరు. తరువాత ఊరకుందురు. ఈ ఊరకుండుటయే శిష్యులకు అన్నిటికంటె కష్టమని గురువులందరు చెప్పుదురు. వైద్యకళాశాలలో మాటలాడుట నేర్పుదురు గాని ఊరకుండుట ఎవరు నేర్పెదరు?

ఒక అపోహను ఇచ్చట తీర్పవలెను. ఈ చికిత్స రోగిని త్వరగా సాగనంపుటకని కొందరు భయపడుదురు. అది నిజము కాదు. సిసిలీ సాండర్స్ జీవితాంతము దయామరణమును వ్యతిరేకించినది. మరణమును తొందరపెట్టుటయు లేదు, యంత్రములతో దానిని సాగదీయుటయు లేదు. ఉన్నన్ని దినములు మనిషిగా బ్రతుకనిచ్చుటయే దాని పని.

తెలుగునాట ఈ విద్యకు ముఖ్యస్థానము హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి. గాయత్రీ పాలాట్ అను వైద్యురాలు అచ్చట ఉపశమన చికిత్సా విభాగమును పెంచి, డాక్టర్లకు, నర్సులకు శిక్షణ నిచ్చుచు వచ్చినది. చిన్నపిల్లల నొప్పికి ప్రత్యేకమైన శ్రద్ధ అచ్చట వహింపబడినది. పసివాడు నొప్పి యెంత అని మాటతో చెప్పలేడు గనుక, ముఖముల బొమ్మలు చూపి వానిచే వ్రేలు పెట్టించుట ఈ విద్యలోని యొక ఉపాయము. తరువాత తెలంగాణములో జిల్లాలయందును ఉపశమన సేవాకేంద్రములు వెలసినవి.

దేశమంతటికిని చూచినచో, 2010లో ఈ శాస్త్రమునకు ఉన్నత వైద్యపట్టముగా గుర్తింపు లభించెను. ముంబాయిలోని టాటా స్మారక ఆసుపత్రిలో 2012లో ఆ తరగతి ఆరంభమయ్యెను. 2012లోనే కేంద్రప్రభుత్వము జాతీయ కార్యక్రమమును ప్రకటించెను. 2019నుండి వైద్యవిద్యార్థుల సాధారణ పాఠ్యక్రమమున నొప్పి నివారణయు, మరణాసన్నులపట్ల వైద్యుని ధర్మమును చేరినవి. అప్పుడు చేరిన విద్యార్థులు ఇటీవలనే డాక్టర్లై వచ్చుచున్నారు. వారికి పూర్వము చదివినవారి సంఖ్య లక్షలు. ప్రపంచమునందు ఉపశమన చికిత్స కావలసిన వారిలో నూటికి సుమారు 14 మందికే అది అందుచున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

2018నుండి గ్రామ ఆరోగ్యకేంద్రములు చేయవలసిన పనులలో వృద్ధుల సేవయు, ఉపశమన సేవయు చేర్చబడినవి. ఆశా కార్యకర్తలకును, నర్సులకును దీనికై శిక్షణపుస్తకములు వెలువడినవి. మంచముపట్టిన వారి పేర్లు వ్రాసికొనుట, నెలనెల ఇంటికి పోయి చూచుట, నొప్పి యెంతో అడిగి పై డాక్టరునకు తెలుపుట ఆ శిక్షణలోని మొదటి అంశములు. మీ ఊరి ఉపకేంద్రమునందు ఆ శిక్షణ పొందినవారు ఎవరో, మంచముపట్టినవారి జాబితా వ్రాయబడినదో లేదో అడుగుటకు పెద్దలకు హక్కు కలదు. జిల్లా ఆసుపత్రిలో మార్ఫీను మాత్రలకు అనుమతి యున్నదా, వానిని వ్రాసియిచ్చు డాక్టరు వారములో ఏ దినమున కూర్చుండును, ఇది రెండవ ప్రశ్న.